క్లౌన్ చేపకు తిలాపియా ఏమవుతుంది?

విజయవాడ చేపల మార్కెట్లో తిలాపియాకు పెద్ద మర్యాదేమీ దక్కదు. కొరమేను ఉందా, పండుగప్ప వచ్చిందా అని అడిగేవాళ్లే ఎక్కువ. తిలాపియా గంప దగ్గర ఆగేది ధర చూసే. అదే ఊళ్లో అక్వేరియం దుకాణానికి వెళ్తే, ఉప్పునీటి తొట్టి ముందు పిల్లలు కదలరు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలతో, ఒళ్లు ఊపుకుంటూ ఈదే క్లౌన్ చేప అందులో ఉంటుంది. ఒకటి కృష్ణా డెల్టా చెరువుల్లో, కాలువల్లో పెరిగే చేప. రెండోది పగడపు దిబ్బల చేప. రూపం కలవదు, రంగు కలవదు, బతికే నీళ్లే వేరు. అయినా ఈ రెండూ చుట్టాలు. పగడపు దిబ్బ మీద క్లౌన్ చేపకు పొరుగునే తిరిగే రాస్ చేప కన్నా, చిలుక చేప కన్నా, మన తిలాపియాయే దానికి దగ్గర.

ఈ సంగతి శాస్త్రానికి తేలిగ్గా దొరకలేదు. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఈ చేపలన్నీ ఒకే గుంపు అని పుస్తకాలు చెప్పాయి. వాటిని కలిపింది ఒక ఎముక. ఆ తర్వాత విడదీసింది డీఎన్ఏ. ఆ ఎముకను చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు, అరకిలో తిలాపియా చాలు.

ముందు కుటుంబం గురించి. క్లౌన్ చేపలు తమంతట తాము ఒక కుటుంబం కావు. డామ్సెల్ చేపల కుటుంబంలో అవి ఒక కొమ్మ. ఆ కుటుంబం శాస్త్రీయ నామం పోమాసెంట్రిడే. గ్రీకులో 'పోమా' అంటే మూత, 'కెంట్రాన్' అంటే ముల్లు. మొప్ప మూత మీది ముల్లును బట్టి పడిన పేరది. ఇందులో 400కు పైగా జాతులున్నాయి. చాలావరకు అరచేతిలో ఇమిడే చేపలే. అన్నిటిలోకి పెద్దది కాలిఫోర్నియా తీరపు గారిబాల్డీ, అదీ సుమారు 35 సెంటీమీటర్లే. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని నీళ్లలో, పగడపు దిబ్బల చుట్టూ వీటి సంఖ్య ఎంత ఎక్కువంటే, దిబ్బ మీద కంటికి కనిపించే చిన్న చేపల్లో పెద్ద వాటా వీటిదే.

గుర్తుపట్టడానికి కొన్ని ఖాయమైన ఆనవాళ్లున్నాయి. పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, ఎత్తుగా ఉండే ఒళ్లు. చిన్న నోరు. తలకు ఒక్కో పక్క సాధారణంగా ఒకే నాసికా రంధ్రం; క్రోమిస్, డాసిల్లస్ ప్రజాతుల్లో (దగ్గరి జాతుల గుంపుల్లో) కొన్నిటికి మాత్రం రెండేసి. వీపు రెక్క తెగకుండా ఒకటే ఉంటుంది, దాని ముందు భాగంలో 8 నుంచి 17 దాకా గట్టి ముళ్లు. ఒంటి పక్కన ఉండే పార్శ్వ రేఖ తోకదాకా పోకుండా మధ్యలోనే ఆగుతుంది, లేదా తెగి కిందికి మారుతుంది. అన్నిటికన్నా అక్కరకొచ్చే గుర్తు పాయు వాజంలో ఉంది. పాయు వాజమంటే మలద్వారం వెనక, తోకకు ముందు కింది వైపుండే రెక్క. డామ్సెల్ చేపకు అక్కడ రెండే ముళ్లుంటాయి. తిలాపియాకు మూడు. కేరళవాళ్లు కరిమీన్ అని ప్రాణంగా తినే చేప మన ఉప్పుటేర్లలోనూ ఉంది. తిలాపియా కుటుంబంలో పుట్టిన దేశవాళీ చేప అది. దానికి ఆ ముళ్లు పన్నెండో పదమూడో ఉంటాయి. చేతిలో పట్టుకుని బొటనవేలితో రెక్కను ముందుకు నెట్టి లెక్కపెడితే ఈ తేడా అర నిమిషంలో తేలిపోతుంది.

పేర్ల వెనక విశాఖ తీరం

1758లో, జీవులకు శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరిచిన లినేయస్ కొన్ని డామ్సెల్ చేపలను సీతాకోకచిలుక చేపలతో కలిపి 'కీటోడాన్' అన్న ప్రజాతిలో వేశాడు. పలచని ఒళ్లు, చారలు చూసి అలా అనుకోవడంలో వింత లేదు. ఆ తర్వాత 1775లో వెలువడిన ఫోర్స్‌కాల్ రచనలో అరబ్బు జాలరుల మాట ఒకటి శాస్త్రంలోకి వచ్చింది. చారల డామ్సెల్ చేపల ప్రజాతికి ఈనాటికీ నిలిచిన అబూడెఫ్డఫ్ అన్న పేరు అదే. అందులో ఒక జాతికి అబూడెఫ్డఫ్ బెంగాలెన్సిస్ అని మన సముద్రం వైపు పేరే ఉంది.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకా దగ్గరి ముచ్చట ఒకటుంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో 200 రకాల చేపలను సేకరించి, బొమ్మలు వేయించి, వర్ణించాడు. అవి 1803లో రెండు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. పాముల మీద పనితో పేరు పడ్డ రసెల్ ఈయనే. చేపలకు అక్కడి జాలరులు చెప్పిన తెలుగు పేర్లనే ఆయన ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. అలా రాసుకున్న వాటిలో ఒకటి 'రాతి పొట'. ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే 1830లో ఒక చారల చేపకు గ్లైఫిసోడాన్ రాతి అని పేరు పెట్టింది దాన్ని పట్టుకునే. ఇప్పుడది అబూడెఫ్డఫ్ వైజియెన్సిస్ అన్న జాతిలో కలిసిపోయి, వాడుకలో లేని పర్యాయపదంగా మిగిలింది. అయితే ఆ 'రాతి' అన్న మాట చాలా సంగతి చెబుతుంది. ఈ ప్రజాతి చేపలు పగడం లేకపోయినా అలలు కొట్టే రాళ్ల సందుల్లో బతకగలవు. పేరు పెట్టిన జాలరికి చేప ఉండే చోటు తెలుసు.

గొంతులో రెండో దవడ

చేపకు నోట్లో ఉండే దవడలు కాక, మొప్పల వెనక గొంతులో మరో జత ఉంటుంది. నోటి దవడ పట్టుకుంటుంది, గొంతు దవడ నలుపుతుంది. చాలా చేపల్లో ఈ గొంతు దవడ ఎడమ, కుడి ముక్కలు విడివిడిగా ఉంటాయి. సిక్లిడ్లు అంటే తిలాపియా కుటుంబంలో, రాస్‌లు, చిలుక చేపల్లో, ఉత్తర పసిఫిక్‌లో పిల్లలను కనే సర్ఫ్‌పెర్చ్‌లలో, డామ్సెల్ చేపల్లో మాత్రం ఏర్పాటు వేరు. కింది ముక్కలు రెండూ కలిసిపోయి ఒకే పలకయ్యాయి. పై ముక్కలు కపాలం అడుగుకు కీలులా ఆనుకున్నాయి. కపాలం నుంచి కింది పలకకు నేరుగా ఊయలలా కండరాలు దిగాయి. ఈ మూడూ కలిస్తే గొంతులో బలమైన తిరగలి తయారవుతుంది. నమిలే పని గొంతుకు పోయాక ముందు దవడలకు స్వేచ్ఛ దొరికింది. పీల్చడానికి, గీకడానికి, కొరకడానికి అవి ఎలాగైనా మారవచ్చు. ఆఫ్రికా సరస్సుల్లో సిక్లిడ్లు వందల జాతులుగా విడిపోవడానికి ఇదే మూలమని 1973లో కారెల్ లీమ్ వాదించాడు.

ఇంత క్లిష్టమైన ఏర్పాటు ఒకసారే పుట్టి ఉంటుందని అనుకోవడం సహజం. 1982లో కౌఫ్‌మన్, లీమ్ ఈ కుటుంబాలన్నిటినీ 'లాబ్రాయిడై' అన్న ఒకే గుంపుగా కట్టారు. 1987లో స్టియాస్నీ, జెన్సెన్ మరిన్ని ఎముకల పోలికలతో దాన్ని బలపరిచారు. మూడు పోలికలు ఒకే చోట కలిసి రావడం కాకతాళీయం కాదన్నది వాళ్ల తర్కం. ఆనాడు చేతిలో ఉన్న ఆధారాలతో చూస్తే అది మంచి తర్కమే. తర్వాత తప్పని తేలినంత మాత్రాన ఆ పనిని చులకన చేయకూడదు. ఇప్పటికీ గొంతు దవడ నిర్మాణం గురించి తెలిసిందంతా వాళ్లు విప్పి చూపించిందే.

ఆ పలకను స్వయంగా చూడదలిస్తే ఇలా చేయాలి. అరకిలోకు తగ్గని తిలాపియా తీసుకుని, తల చీల్చవద్దని కోసేవాళ్లకు ముందే చెప్పాలి. అలవాటు కొద్దీ కత్తిపీట మీద తల రెండుగా చీలిందంటే పలక కూడా మధ్యకు విరుగుతుంది. ఇంటికి తెచ్చాక మొప్ప మూతలు రెండు పక్కలా కత్తిరించి తీసేయాలి. ఎర్రటి మొప్పల వరసలు నాలుగు కనిపిస్తాయి. వాటి వెనక, గొంతు నేల మీద, వేలికి గరుకుగా తగిలేదే కింది పలక. పైన కప్పులో పళ్ల దిండ్లు రెండుంటాయి. ఆ భాగమంతా తీసి, ఉడికే నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే కండ వదులవుతుంది. పాత పళ్ల బ్రష్‌తో మెల్లగా తోమితే త్రికోణాకారపు ఎముక బయటపడుతుంది. పైనంతా సన్నని పళ్లు, బ్రష్ కుచ్చులా. తిప్పి చూస్తే అడుగున మధ్యగా ఒక అతుకు గీత కనిపిస్తుంది. ఒకప్పటి ఎడమ, కుడి ముక్కలు కలిసిన చోటు అదే. ఎక్కువసేపు ఉడికిస్తే పళ్లు రాలిపోతాయి, పిల్ల చేపలోనైతే అతుకు కూడా విడిపోతుంది. ఎండలో కాక నీడలో ఆరబెట్టాలి, లేకపోతే పగులుతుంది.

పక్కనే బొచ్చె తల ఉంటే పోల్చి చూడటం మంచిది. బొచ్చెకు, శీలావతికి కూడా గొంతులో పళ్లుంటాయి. కానీ అవి రెండు విడివిడి కొడవళ్లలా ఉన్న ఎముకల మీద ఉంటాయి, కలిసిపోవు. పై దవడ పని కపాలం అడుగునున్న గట్టి దిండు చేస్తుంది. గొంతులో నమలాలన్న అవసరం ఒకటే, తీర్చుకున్న తీరు వేరు. అవసరం ఒకటైతే దారులు వేర్వేరుగా పుడతాయని ఈ రెండు తలలు పక్కపక్కన పెడితేనే అర్థమవుతుంది. కాకపోతే కొన్నిసార్లు వేర్వేరు వంశాల్లో దారి కూడా ఒకేలా పడుతుంది. లాబ్రాయిడై విషయంలో జరిగింది అదే.

డీఎన్ఏ తేల్చింది, గుడ్లు ఒప్పుకున్నాయి

1990ల చివర్లోనే జన్యు ఆధారాలు అనుమానం రేపాయి. 2007లో మాబూచి బృందం మైటోకాండ్రియాలోని (కణంలో శక్తి తయారుచేసే భాగంలోని) జన్యువులన్నిటినీ పోల్చి, సిక్లిడ్ల గొంతు దవడ, రాస్‌ల గొంతు దవడ వేర్వేరుగా పుట్టాయని చూపింది. 2012లో వెయిన్‌రైట్, సహచరులు కణ కేంద్రకంలోని జన్యువులతో పెద్ద వంశవృక్షం గీశారు. రాస్‌లు, చిలుక చేపలు ఒక వైపు వెళ్లిపోయాయి. సిక్లిడ్లు, డామ్సెల్‌లు, సర్ఫ్‌పెర్చ్‌లు మరో పెద్ద కొమ్మ మీద కూర్చున్నాయి. ఆ కొమ్మకు ఓవలెంటేరియా అని పేరు పెట్టారు. సుమారు 5,000 జాతులున్న ఆ కొమ్మ మీద తోడుగా కూర్చున్న చేపల పేర్లు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది: మల్లెట్‌లు, ఎగిరే చేపలు, కాలువల్లో సూదిలాంటి ముక్కుతో తేలే గార్ చేపలు, గప్పీలు, మోలీలు, దోమల లార్వాలను తినడానికి మురుగు గుంటల్లో వదిలే గంబూసియా. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారే ఊళ్లో క్లౌన్ చేప చుట్టాలకు కొదవ లేదు.

వీటన్నిటినీ కలిపే బయటి గుర్తేమిటి? దవడ కాదు, గుడ్డు. ఓవలెంటేరియా అన్న పేరులోనే అది ఉంది: 'ఓవా' అంటే గుడ్లు, 'లెంటా' అంటే జిగురు. నీళ్ల అడుగున రాయికో ఆకుకో అంటుకునే గుడ్డు, దాని పెంకుకు సన్నని పోగులు. ఇది ఈ కొమ్మ పూర్వీకుల లక్షణం. క్లౌన్ చేపలు కాపురముండేది సీ అనిమోన్‌లో, అంటే పువ్వులా కనిపించే, కుట్టే సముద్ర జంతువులో. దాని పాదం పక్కన రాయిని శుభ్రం చేశాక, ఆడది వందల గుడ్లను వరసగా అంటిస్తుంది. మగది రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. నీటి వేడిని బట్టి ఆరు నుంచి పది రోజుల్లో, చీకటి పడ్డాక పిల్లలు బయటికొస్తాయి. కరిమీన్ కూడా రాళ్లకు, కర్రలకు గుడ్లు అంటించి జంటగా కాస్తుంది. తిలాపియా గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కనుక దానికి ఆ జిగురు అక్కర్లేకపోయింది, పోయింది. మల్లెట్‌ల గుడ్లు సముద్రంలో తేలతాయి, వాటిలోనూ పోయింది. ఒక లక్షణం పుట్టడం ఎంత సంగతి చెబుతుందో, పోవడం అంతే తికమక పెడుతుంది. అందుకే గుడ్డొక్కటే చూసి ఈ గుంపును ఎవరూ ముందుగా కట్టలేకపోయారు. డీఎన్ఏ చెప్పాక, గుడ్లు చూసి ఔనన్నారు.

డీఎన్ఏ పని అనగానే యంత్రం దానంతటదే నిజం చెబుతుందన్న భ్రమ ఒకటుంది. నమూనా దగ్గరే చాలా పాడవుతుంది. రెక్క అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి 95 శాతం ఎథనాల్‌లో వేయాలి. ముక్కలోని నీరు ఊరి ఎథనాల్ పలచబడుతుంది కాబట్టి మర్నాటికి మార్చాలి. జువాలజీ మ్యూజియాల్లో వాడే ఫార్మలిన్‌లో పడితే ఆకారం నిలుస్తుంది కానీ డీఎన్ఏ ముక్కలై, అతుక్కుపోయి చదవడానికి రాదు. చేప రంగులు చచ్చిన కొద్దిసేపటికే మారతాయి, ఎథనాల్‌లో పూర్తిగా పోతాయి. కాబట్టి ఫోటో ముందే తీయాలి. ఆ తర్వాత జన్యువు ఎంపిక. డీఎన్ఏ లిపిలో సుమారు 650 అక్షరాల పొడవుండే సీఓఐ అన్న మైటోకాండ్రియా ముక్క జాతిని గుర్తుపట్టడానికి బాగా పనికొస్తుంది. ఆరు కోట్ల ఏళ్ల నాటి చుట్టరికం తేల్చడానికి పనికిరాదు. అది త్వరగా మారే జన్యువు. ఒకే అక్షరం మళ్లీ మళ్లీ మారి, పాత గుర్తుల మీద కొత్త గుర్తులు పడిపోతాయి. లోతైన చుట్టరికానికి ఆర్ఏజీ1 లాంటి నిదానంగా మారే కేంద్రక జన్యువులు కావాలి. అదీ ఒకటి కాదు, వీలైనన్ని.

ఇంటి లోపలి సర్దుబాట్లు

బయటి చుట్టరికం ఇలా మారితే, డామ్సెల్ కుటుంబం లోపల కూడా గోడలు కదిలాయి. పాత పట్టికలో క్లౌన్ చేపలకు ప్రత్యేకంగా ఒక ఉపకుటుంబం ఉండేది. అనిమోన్‌లో కాపురం, ప్రత్యేకమైన అందం చూసి ఆ గౌరవం ఇచ్చారు. 2009లో కూపర్, స్మిత్, వెస్ట్‌నీట్ గీసిన వంశవృక్షంలో క్లౌన్ చేపలు పోమాసెంట్రినే అన్న పెద్ద ఉపకుటుంబం మధ్యలో తేలాయి. వాటిని విడిగా ఉంచితే, ఒక తండ్రి నలుగురు కొడుకుల్లో ముగ్గురిని ఒక ఇంటిపేరుతోనూ, అందంగా ఉన్నాడని నాలుగోవాణ్ని మరో ఇంటిపేరుతోనూ రాసినట్టవుతుంది. వర్గీకరణకు అది పనికిరాదు. ఒక పేరు కింద ఒక పూర్వీకం, దాని సంతానమంతా ఉండాలి.

2021లో టాంగ్, సహచరులు చేసిన సవరణ ప్రకారం ఉపకుటుంబాలు నాలుగు. మైక్రోస్పాథోడాంటినేలో స్టెగాస్టెస్ లాంటి పాచి సాగుచేసే చేపలు, గారిబాల్డీ ఉంటాయి. గ్లైఫిసోడాంటినేలో ఉన్నది అబూడెఫ్డఫ్ ఒక్కటే. క్రోమినేలో క్రోమిస్, డాసిల్లస్, వాటి దగ్గరివాళ్లు. మిగిలిన పెద్ద గుంపు పోమాసెంట్రినే. క్లౌన్ చేపలు అందులో ఒక తెగ. ముళ్ల చెంపల మెరూన్ క్లౌన్‌కు ప్రెమ్నాస్ అని విడిగా ఉన్న ప్రజాతి పేరు కూడా పోయి, అది మిగతా క్లౌన్ చేపల ప్రజాతి ఆంఫిప్రియాన్‌లో కలిసింది. క్రోమిస్ అన్న ప్రజాతి ఏకమూలం కాదని, అంటే ఒకే పూర్వీకం సంతానమంతా అందులో లేదని తేలడంతో కొన్నిటిని అజ్యూరినా, పిక్నోక్రోమిస్ పేర్ల కిందికి మార్చారు. అక్వేరియం వ్యాపారంలో పాత పేర్లే నడుస్తున్నాయి కాబట్టి ఒకే చేప రెండు పేర్లతో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

శిలాజాల సంగతి కొద్దిగానే ఉన్నా గట్టిది. ఇటలీలోని మాంటే బోల్కాలో ఈయోసీన్ నాటి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి సున్నపురాళ్లలో డామ్సెల్ చేపలు దొరికాయి. పాలియోపోమాసెంట్రస్, లోరెంజిక్తిస్ వాటిలో రెండు. ఇప్పుడు పగడం లేని చోట ఆనాడు వెచ్చని టెథిస్ సముద్రం ఉండేది. 2020లో మెక్సికోలోని చియాపాస్ నుంచి వర్ణించిన చాయ్‌చానస్ ఇంకా పాతది, సుమారు 6.3 కోట్ల ఏళ్లది. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి విధ్వంసం తర్వాత కొద్దికాలానికే ఈ కుటుంబం రూపు కట్టిందని దాన్నిబట్టి అనుకోవాలి.

ఆ తర్వాత ఈ కుటుంబంలో జరిగింది, లాబ్రాయిడై కథకు చిన్న ప్రతి. డామ్సెల్ చేపలు తిండిని బట్టి మూడు రకాలు: నీళ్లలో తేలే సూక్ష్మజీవులను ఏరుకునేవి, రాళ్ల మీది పాచిని మేసేవి, రెండూ తినేవి. తేలే తిండి ఏరేవాటికి దవడ ముందుకు చాచుకుని పీల్చే తీరు, పాచి మేసేవాటికి పొట్టి, బలమైన దవడ. ఒక్కో రకం ఒకసారే పుట్టి వంశంగా కొనసాగి ఉంటే తల ఆకారం చూసి చుట్టరికం చెప్పేయవచ్చు. కానీ ఫ్రెడెరిక్ బృందం 2013లో చూపినట్టు, వేర్వేరు ఉపకుటుంబాల్లో మళ్లీ మళ్లీ అవే మూడు తీరులు పుట్టాయి. క్రోమిస్‌లా కనిపించే చేప క్రోమిస్ కాకపోవడానికి కారణం ఇదే. ఈ కుటుంబాన్ని నిజంగా కలిపే దేహ లక్షణం పైకి కనిపించదు: నాలుక కింది ఎముకను కింది దవడకు కలిపే ఒక పొట్టి బంధనం. తల పైకెత్తగానే అది బిగిసి నోరు టపీమని మూసుకుంటుంది. పాచిని కొరకడానికీ అదే, క్లౌన్ చేప పళ్లు కొట్టి టకటక చప్పుడు చేయడానికీ అదే. ఆ చప్పుడు ఎలా పుడుతుందో 2007లో పార్మెంటియే బృందం వివరించింది.

పాచి మేసేవి అనడం కూడా పూర్తిగా సరికాదు, సాగుచేసేవి అనాలి. స్టెగాస్టెస్ నైగ్రికన్స్ తన మడిలో పనికిరాని నాచును నోటితో పీకి, దూరంగా పారేస్తుంది. అరగడానికి తేలికైన పాలీసైఫోనియా అన్న ఎర్ర నాచు ఒక్కటే మిగిలేలా చూసుకుంటుంది. గుంటూరు మిరప చేలో కలుపు తీసే కూలీ చేసే పనికీ దీనికీ తేడా లేదు. తన మడిలోకి వచ్చిన ఎవరినైనా, తనకన్నా పది రెట్లున్న చేపనైనా తరుముతుంది. అక్వేరియంలో డామ్సెల్ చేపలు పోట్లాటకు పేరు పడటానికి మూలం ఈ మడి కాపలాయే.

అనిమోన్ చేరాక

క్లౌన్ చేపలు ఈ కుటుంబంలో ఆలస్యంగా వచ్చినవి. ఒక కోటి ఏళ్లకు కాస్త అటూ ఇటూగా, ఇండోనేషియా, ఆస్ట్రేలియా మధ్య దీవుల ప్రాంతంలో వాటి పూర్వీకం అనిమోన్‌తో జతకట్టింది. ఆ తర్వాత సుమారు 28 జాతులయ్యాయి. ఆతిథ్యమిచ్చే అనిమోన్‌లు పది రకాలే. క్లార్కీ అన్న జాతి ఆ పదిటిలోనూ బతుకుతుంది, సెబే దాదాపుగా ఒక్కదానినే పట్టుకుని ఉంటుంది. ఎవరికి ఏ అనిమోన్ అన్న పంపకమే కొత్త జాతులు ఏర్పడటానికి దారి తీసిందని లిట్సియోస్ బృందం 2012లో వాదించింది. ఆఫ్రికా తూర్పు తీరంలో మరో చిన్న విస్తరణ విడిగా జరిగింది.

ఇక్కడ కూడా పైపై పోలికలు నమ్మరానివే. తెల్ల పట్టీలు పిల్లలో తల నుంచి తోక వైపు ఒక్కొక్కటిగా వస్తాయి. పరిణామంలో పోయేటప్పుడు తోక వైపు నుంచి పోతాయి. అందుకే ఫ్రెనాటస్ జాతి పిల్లకు రెండు మూడు పట్టీలుండి, పెద్దయ్యాక తల మీద ఒక్కటే మిగులుతుంది. పిల్లను కొన్నవాళ్లు ఏడాది తర్వాత చేప మారిందేమోనని అనుమానపడతారు, మారలేదు, పెరిగింది. ల్యూకోక్రానోస్ అని జాతి పేరు పెట్టిన చేప క్రైసోప్టెరస్, శాండరాసినోస్ జాతుల సంకరమని తేలింది. సంకరం జరిగిన చోట మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి వైపు మాటే చెబుతుంది. ఒక్క సీఓఐ ముక్కతో క్లౌన్ చేపల చుట్టరికం తేల్చబోతే తప్పు దారి పట్టేది అక్కడే.

దుకాణంలో ఎక్కువగా తగువు తెచ్చేది ఒసెల్లారిస్, పెర్క్యులా జత. రెండూ నారింజ రంగే, రెండిటికీ మూడు తెల్ల పట్టీలే. వీపు రెక్క ముళ్లు లెక్కపెట్టాలి: ఒసెల్లారిస్‌కు సాధారణంగా 11, పెర్క్యులాకు 10. పట్టీల నల్ల అంచు పెర్క్యులాలో దళసరిగా ఉంటుంది, కానీ పెంపకపు చేపల్లో రంగును నమ్మకూడదు. ఊరు మరీ గట్టి సాక్ష్యం. అండమాన్ సముద్రం ఒసెల్లారిస్‌ది. పెర్క్యులా న్యూగినీ, సోలమన్ దీవులు, ఈశాన్య ఆస్ట్రేలియా వైపుది. అండమాన్‌లో పట్టిన పెర్క్యులా అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే, ఆ మాటలో ఒక సగం తప్పు. అసలు అడవి చేప అడగాల్సిన పనే లేదు. మనదేశంలోనే క్లౌన్, డామ్సెల్ చేపలను గుడ్డు నుంచి పెంచే పద్ధతులు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. పెంపకపు చేప తొట్టి తిండికి ముందే అలవాటు పడి ఉంటుంది. జత కట్టాలంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోవాలి. ఈ చేపలన్నీ మొదట మగవి, గుంపులో పెద్దది ఆడదవుతుంది. రెండూ సమానమైన పెద్దవైతే ఒకదాన్నొకటి బతకనివ్వవు.

సూర్యలంకలో, నిజాంపట్నంలో ఈ చేపలు ఎందుకు లేవన్న ప్రశ్న గుంటూరు వైపు తప్పకుండా వస్తుంది. ఉప్పునీరు ఉంది, వేడి ఉంది, మరి పగడమేది? కృష్ణా, గోదావరులు తెచ్చే మంచినీరు సముద్రపు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. వాటి ఒండ్రు నీటిని బురద చేసి, పగడంలో బతికే శైవలాలకు, అంటే సూక్ష్మమైన నాచుకు వెలుతురు అందకుండా అడ్డుపడుతుంది. పైగా హంసలదీవి నుంచి నిజాంపట్నం దాకా అడుగు ఇసుక, బురద. పగడం పట్టు దొరికించుకోవడానికి గట్టి నేల లేదు. అందుకే మన దేశపు పెద్ద పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్నాయి. డామ్సెల్ లార్వాలు జాతిని బట్టి రెండు మూడు వారాలు, కొన్ని అంతకన్నా ఎక్కువ కాలం నీటిలో తేలుతూ పోతాయి. మన తీరం దాకా కొట్టుకొచ్చినా దిగడానికి చోటు దొరకదు. రాళ్లున్న విశాఖలో రసెల్‌కు రాతి పొట దొరకడం, డెల్టా తీరంలో దానికి చోటు లేకపోవడం నేల స్వభావం చేసిన తేడాయే.

ఇక మొదటి ప్రశ్న. తిలాపియా క్లౌన్ చేపకు సొంత అన్నాచెల్లెళ్ల వరస కాదు. సిక్లిడ్లకు అతి దగ్గరి చుట్టం ఫోలిడిక్తిస్ అని పశ్చిమ పసిఫిక్ పగడపు దిబ్బల కింద సొరంగాలు తవ్వుకుని బతికే, మలుగు ఆకారపు చేప. ఆ ఇద్దరూ ఒక జత. డామ్సెల్‌లు అదే ఓవలెంటేరియా కొమ్మ మీద మరో రెమ్మ. ఆ రెమ్మ సిక్లిడ్ల జతకు దగ్గరా, సర్ఫ్‌పెర్చ్‌లకు దగ్గరా, రాళ్ల సందుల్లో ఉండే బ్లెన్నీలకు దగ్గరా అన్నది వాడిన జన్యువులను బట్టి మారుతోంది. కొమ్మ మొదట్లో రెమ్మలన్నీ కొద్దికాలంలోనే చీలిపోవడంతో ఏది ముందు చీలిందో చెప్పే అక్షరాలు డీఎన్ఏలో తక్కువే మిగిలాయి. ఇటీవలి కొన్ని పట్టికలు డామ్సెల్‌లను బ్లెన్నీల క్రమంలో (కుటుంబాలను కలిపే పై మెట్టులో) చేరుస్తున్నాయి. మిగిలిన చాలా పట్టికల్లో కుటుంబం పేరుకు ఎదురుగా, క్రమం అన్న గడిలో, 'స్థానం అనిశ్చితం' అనే రాసి ఉంటుంది.